ఎడమచేతి పద్దు

నా చిన్నప్పుడు మా నాన్న గోడవైపు తిరిగి అన్నం తినేవాడు. మొదటినుంచీ అలా కాదు. అంతకు ముందు వీధి గుమ్మానికి ఎదురుగా పీట వేసుకుని, పోయేవాళ్ళనీ వచ్చేవాళ్ళనీ పలకరిస్తూ, నాలుగు మెతుకులు తిని నలభై మాటలు మాట్లాడేవాడు. చెరకు గానుగలో కుడిచెయ్యి నలిగిపోయాక ఆ గోడ మొదలైంది. ఎడమచేత్తో ముద్ద ఎత్తుతుంటే ఎవరి కంటా పడకూడదని ఆయన పంతం. అమ్మ కలిపి నోట్లో పెడతానంటే కంచం అవతలికి తోసేసేవాడు. పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ వెళ్ళడం మానేశాడు, వెళితే పంక్తిలో కూర్చోవాలి కదా. ఎడమచేత్తో ఇచ్చేది తీసుకోని లోకంలో ఎడమచేత్తో తినేవాడి సంగతి వేరే చెప్పాలా!

మాది రామతీర్థానికి దగ్గర్లో ఒక పల్లె. అరవైలు ముగింపుకొస్తున్న రోజులు. ఎడ్లు తిప్పే ఇనుప గానుగలో నాన్న చెరకు పెడుతుండగా తువ్వాలు కొస పళ్ళలో చిక్కుకుంది. దాన్ని లాగబోయి చెయ్యి ఇచ్చాడు. ఎడ్లని ఆపేసరికి కావలసినదంతా అయిపోయింది. విజయనగరం పెద్దాసుపత్రిలో చాలాకాలం ఉంచి పంపారు. బొటనవేలు ఒక్కటే మిగిలింది. దాంతో నాగలి మేడి పట్టలేడు, కొడవలి పట్టలేడు. పొలం మా చిన్నాన్న చూసుకునేవాడు. ఇంట్లో నాన్నని ఎవరూ ఒక్క మాట అనలేదు. ఎవరైనా అని ఉంటే బాగుండేదని నాకిప్పుడు అనిపిస్తుంది. తిట్టినవాడితో పోట్లాడవచ్చు, జాలిపడేవాళ్ళతో ఏం పోట్లాడతాం?

ఏటా బెల్లం కాలంలో మా ఊరికి ఒక ముసలాయన వచ్చేవాడు. విజయనగరంలో బెల్లం కొనే షావుకారు దగ్గర గుమస్తా. మేమంతా గుమస్తా తాత అనేవాళ్ళం. దిమ్మలు తూచి, తూకాలు రాసుకుని, కలిపి చెప్పేవాడు. ఆయన కలం ఇంకా కాగితం మీదే ఉండగా మా నాన్న నోటిలెక్కతో మొత్తం చెప్పేసేవాడు. తాత కళ్ళజోడు పైనుంచి చూసి, ‘నీకు గానుగెందుకురా’ అని నవ్వేవాడు. ఆ మాట ఎంత నిజమైపోయిందో తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

ఆ ఏడు ఆయన వచ్చేటప్పటికి నాన్న గోడవైపు తిరిగి ఉన్నాడు. అమ్మ తాతకి ఎదురుగా పీట వేసింది. తాత ఆ పీట తీసుకుని నాన్న పక్కన వేసుకుని, తనూ గోడవైపు తిరిగి కూర్చుని, ఆకు ఇటు వెయ్యమన్నాడు. ఇద్దరూ గోడతోనే మాట్లాడుతున్నట్టు వానల గురించీ బెల్లం ధర గురించీ మాట్లాడుకుంటూ తిన్నారు. నాకు నవ్వొచ్చింది. నవ్వితే అమ్మ వీపు మీద ఒక్కటిచ్చింది. అప్పుడు చూశాను, అమ్మ ఏడుస్తోంది.

లేచి చెయ్యి కడుక్కున్నాక, పట్నం వచ్చెయ్యమని తాత నాన్నతో అన్నాడు. లెక్కలు రాయడం నేర్పుతానన్నాడు. రైతువాడికి చిట్టాలేమిటి, అందులోనూ చెయ్యి లేనివాడికి, అని నాన్న విసుక్కున్నాడు. తాత తన కథ చెప్పాడు. వాళ్ళది పొందూరు. అయ్య ఖద్దరు నేసేవాడు, అమ్మ నూలు వడికేది. తను మగ్గం దిగి కొట్లోకొచ్చి కూర్చున్న కొత్తలో, సాలోడి చేతికి కలమా అని నవ్వినవాళ్ళున్నారట. అప్పటి ముసలి గుమస్తా ఒకాయన మాత్రం కొత్త కాగితం తీసి, పైన శ్రీ తన చేత్తో రాసి, మిగతాది నువ్వు రాయరా అని కలం చేతికిచ్చాడట. ఇది చెప్పి తాత బండెక్కి వెళ్ళిపోయాడు. రెండు మూడు రోజుల తరవాత నాన్న అమ్మని సామాను సర్దమన్నాడు.

పట్నంలో తాత ఇంటి పక్కనే ఒక గది తీసుకున్నాం. నాన్న ఎడమచేతికి అక్షరాలు మళ్ళీ దిద్దుకోవలసి వచ్చింది. దిద్దింది నా పలక మీదే. సాయంత్రం నేను ఎక్కాలు రాసుకుందామంటే పలక నాన్న ఒళ్ళో ఉండేది. ఆయన ‘అ’ వంకర పోతే నేను కిసుక్కున నవ్వేదాన్ని, ఆయన కోపం తెచ్చుకునేవాడు, మళ్ళీ తుడిచి రాసేవాడు. పలక దాటి కాగితం దగ్గరికొచ్చాక అసలు చిక్కు వచ్చింది. ఎడమనుంచి కుడికి రాసుకుంటూ పోతుంటే వెనకాలే వచ్చే అరచెయ్యి తడి సిరా అంతా అలికేసేది. దానికి తాత రెండు ఉపాయాలు చెప్పాడు. పుస్తకాన్ని ఏటవాలుగా తిప్పి పెట్టుకోవడం ఒకటి. అరచేతి కింద సిరా పీల్చే అద్దుడు కాగితం పెట్టుకుని, చేతితో పాటు దాన్ని జరుపుకుంటూ పోవడం ఇంకొకటి. ఆ గులాబీ రంగు కాగితం మా నాన్న జేబులో చివరిదాకా ఉండేది.

లెక్క నేర్పడంలో తాత పుస్తకాల మాటలు వాడేవాడు కాదు. కళ్ళంలోకి వచ్చింది జమ, కళ్ళం నుంచి పోయింది ఖర్చు, రాత్రి పడుకునే ముందు రాశిలో ఉన్నది నిలవ, అనేవాడు. రాశి నీ కంటికి కనిపించాలి, పుస్తకంలోనూ అంతే కనిపించాలి, తేడా వస్తే రాశి ముందు నిలబడు, పుస్తకాన్ని దిద్దకు అనేవాడు. నేను తరవాత కాలేజీలో ఇంగ్లీషు పుస్తకాలు చదివి పరీక్షలు రాశాను గానీ, ఇంతకన్నా ఎక్కువ ఏమీ నేర్చుకోలేదు.

నాన్న కొట్లో ఉచితంగానే కూర్చోవడం మొదలుపెట్టాడు. ఉగాదికి కొత్త పుస్తకాలు తెరిచినప్పుడు ఆయన్ని జీతం మీద పనిలో పెట్టుకుంటానని షావుకారు మాట ఇచ్చాడు. మా ఇంట్లో ఆశంతా ఆ ఒక్క పండగ మీద వేలాడింది. పని దొరక్కపోతే మళ్ళీ పల్లెకి, మళ్ళీ ఆ గోడ దగ్గరికే. అమ్మకి ఆ గోడంటే భయం. ఆయన్ని ఒంటరిగా నూతివైపు కూడా వెళ్ళనిచ్చేది కాదు, ఏదో వంకతో నన్ను వెంట పంపేది. ఎందుకో చెప్పలేదు. చెప్పకపోయినా పిల్లలకి కొన్ని తెలుస్తాయి.

ఇంకో సంగతి ఉంది. తాత కళ్ళకి పొర కమ్ముతోంది. ఆ సంగతి నాన్నకి తెలుసు, పక్కింట్లో ఉండే మాకు తెలుసు. షావుకారుకి తెలియదు. తాత ముప్పాతిక వంతు పని అలవాటు మీద నెట్టుకొస్తున్నాడు. మిగిలినది నాన్న మెల్లగా చదివి వినిపించేవాడు. రాసేటప్పుడు తాత ముందు ఎడమ చూపుడువేలితో కాగితం అంచు తడిమి, చోటు చూసుకుని, అప్పుడు కలం పెట్టేవాడు. చూసేవాళ్ళకి అదొక సొగసులా ఉండేది. తాతకి పిల్లలు లేరు, ఆయన భార్య, మా అవ్వ, మంచం పట్టి ఉండేది. ఆ కొలువే వాళ్ళ గంజి.

ఉగాది నాడు నన్నూ తీసుకెళ్ళారు. షావుకారింట్లో అరుగు కడిగి ముగ్గులు పెట్టారు, గుమ్మానికి మామిడాకులు కట్టారు. ఎర్రగుడ్డ అట్ట వేసిన కొత్త పుస్తకాలు పీట మీద పెట్టి, మొదటి కాగితానికి నాలుగు మూలలా పసుపు బొట్లు పెట్టారు. పూజ అయింది. షావుకారు నాన్నని పిలిచి, ఈ ఏడు శ్రీ నువ్వే పెట్టమని కలం చేతికివ్వబోయాడు. నాన్న తెలియకుండానే ఎడమచెయ్యి చాపాడు. ఇంకేం చాపుతాడు?

‘ఆగరా అబ్బీ’ అంది షావుకారుగారి అమ్మ, కొడుకుతో. ఆవిడ చెడ్డది కాదు. మేము పట్నం వచ్చిన కొత్తలో నాన్న చేతికి రాయమని ఆముదం కాచి పంపింది ఆవిడే. కొట్లో ఎడమచేత్తో రాస్తాడని విన్నదేమో గానీ, పుస్తకం ముందు ఆ చెయ్యి చాపడం చూసింది ఆ రోజే.

‘నీ మీద నాకేటీ నేదు నాయనా,’ అంది నాన్నతో, మెత్తగానే. ‘కొత్త పుస్తకం మీద ఎడం సేత్తో శ్రీ పడితే లచ్చిమి ఈ గుమ్మం తొక్కదు. మా అత్తగారి కాలం నుంచీ ఉన్న ఆనవాయితీ. నాను బతికుండగా కాదు.’

షావుకారు అమ్మ మాట జవదాటడు. పండగ వెళ్ళాక చూద్దామని ఏదో అన్నాడు. పండగ వెళ్ళాక అంటే ఎన్నటికీ లేదని నాక్కూడా అర్థమైంది. నాన్న చెయ్యి వెనక్కి తీసుకుని వీపు వెనకాల దాచుకున్నాడు. ఆ దాచుకోవడం నేను చూశాను. దొంగిలించినవాడు కూడా చేతిని అలా దాచుకోడు. పరిగెత్తుకెళ్ళి ఆవిడ పీటని తన్నాలనిపించింది నాకు.

అప్పుడు తాత ముందుకొచ్చాడు. ‘శ్రీ నాను రాస్తానమ్మా’ అన్నాడు. ఏటా రాసేది ఆయనే కాబట్టి అందరూ సర్దుకుని కూర్చున్నారు. తాత పీట ముందు మఠం వేసుకుని, కలం సిరాలో ముంచాడు. నేను ఆయన ఎడమ చూపుడువేలి కోసం చూశాను. అది కదల్లేదు. ఆ చేతిని ఒళ్ళో పెట్టుకునే ఉన్నాడు. అంచు తడమలేదు, చోటు చూసుకోలేదు. కలం తిన్నగా తీసుకెళ్ళి పెట్టాడు. శ్రీ పోయి మూల పసుపు బొట్టు మీద పడింది. దాని సగం కాగితం దాటి ఎర్రగుడ్డ మీదికి పాకింది.

షావుకారు వంగి పుస్తకాన్ని చూశాడు, తరవాత తాత ముఖం చూశాడు. తాత ఆ ముసలమ్మ ఉన్నవైపు తిరిగాడు, కాస్త పక్కకే తిరిగాడు.

‘ఈ సేతికి శుభం ఉన్నాది తల్లీ, కళ్ళు నేవు. ఆ సేతికి కళ్ళున్నాయి. మీ ఇంటి లెక్క ఏ సేతిలో పెడతారో మీరే సూసుకోండి.’

అంతే అన్నాడు. గొంతు పెంచలేదు, బతిమాలలేదు. నాన్న మాత్రం ‘మావా, ఏటి పని ఇది’ అని గొణిగాడు. అంతకు ముందెప్పుడూ ఆయన్ని మావా అని పిలవలేదు.

ముసలమ్మ చాలాసేపు ఆ కాగితాన్ని చూసింది. చూసి చూసి, తాత చేతిలోంచి కలం తీసుకుంది. కొంగుతో దాని కొస తుడిచింది. నాన్న దాచుకున్న చెయ్యి ఎటుందో అటే వెళ్ళి, ఆ చేతిలోనే పెట్టింది. ‘శ్రీ పడిపోయినాది గదా,’ అంది. ‘మిగతాది నువ్వు రాయి.’

నాన్న కూర్చుని పుస్తకం ఏటవాలుగా తిప్పాడు. జేబులోంచి అద్దుడు కాగితం తీసి అరచేతి కింద పెట్టుకున్నాడు. ఒక్క అక్షరం వంకర పోలేదు. పాత పుస్తకంలోని నిలవ కొత్త పుస్తకంలోకి ఎక్కించాడు. అదే ఆయన మొదటి పద్దు.

తాతని ఇంటికి నేనే నడిపించుకు వచ్చాను. నాన్న ఇంకా కొట్లోనే ఉన్నాడు. మర్నాటినుంచి తాత రానక్కరలేదని షావుకారు చాలా మర్యాదగా చెప్పి, పంచెల చాపు పెట్టి పంపాడు. ఆ చాపు నేను పట్టుకున్నాను. దారిలో నాకు కోపం ఆగలేదు. ఎందుకలా చేశావు తాతా, వేలితో చూసుకుంటే శ్రీ తిన్నగా పడేది కదా అన్నాను.

‘తిన్నగా పడితే నా కొలువు నిలిచేది గుంటా,’ అన్నాడు. ‘మీ అయ్యకి ఎప్పుడొచ్చేది?’

నేను ఏడవడం మొదలుపెట్టాను. తాత నడుస్తూనే, నాకూ ఒకాయన మొదటి అక్షరం రాసి ఇచ్చాడని చెప్పాను కదా, ఇచ్చినవాడికి తిరిగి ఇవ్వలేం, పక్కవాడికి ఇవ్వాలి అన్నాడు. ఏడుపు ఆపి కాలవ ఎక్కడుందో చెప్పమన్నాడు, నువ్వు చూడకపోతే నేను అందులో పడతాను అన్నాడు.

ఆ రోజు నాన్న అన్నం ముట్టలేదు. పని దొరికిన ఇంట్లో పొయ్యి వెలగలేదు. జీతం రావడం మొదలయ్యాక తాత ఇంటికీ మా ఇంటికీ వంట ఒకటే అయింది. అవ్వ పోయేదాకా మా అమ్మే చూసుకుంది. నాన్న గోడవైపునుంచి ఇటు ఎప్పుడు తిరిగాడో నాకు గుర్తులేదు. తాత మా ఇంట్లో తినడం మొదలయ్యాక, ఆయనకి కూర ఏ పక్కనుందో చెప్పడానికి ఎదురుగా కూర్చోవలసి వచ్చింది, అంతే అనుకుంటాను.

ప్రతి ఉగాదికీ నాన్న రిక్షా పంపి తాతని కొట్టుకి రప్పించేవాడు. శ్రీ ఏటికేడు పెద్దదవుతూ, వంకరపోతూ, ఒక ఏడు కాగితమంతా నిండింది. ముసలమ్మ దానికే బొట్టు పెట్టి దండం పెట్టుకునేది. తాత పోయిన ఏడు నాన్న కాగితం పైన చోటు ఖాళీగా వదిలేసి, కింద నుంచి రాసుకుపోయాడు. మీరే రాయండి అని షావుకారు అన్నాడు, ముసలమ్మ కూడా అంది. నాన్న రాయలేదు. పేరున్న గుమస్తా అయ్యాక కూడా, నలుగురు ఆయన దగ్గర పని నేర్చుకునే రోజుల్లో కూడా, ఆ చేత్తో శ్రీ మాత్రం రాయలేదు. ఆ ముల్లు ఆయనలో ఉండిపోయింది. నాకది ఇప్పటికీ బాధే.

నేను బీకాం చదివి, ఒక ఆడిటరు దగ్గర ఏళ్ళతరబడి పని నేర్చుకుని, శ్రీకాకుళంలో చిన్న ఆఫీసు పెట్టుకున్నాను. నా దగ్గరికి లెక్కల పని నేర్చుకోవడానికి వచ్చే పిల్లల్లో వలలు అల్లేవాళ్ళ అబ్బాయి ఉన్నాడు, టీకొట్టు వాళ్ళమ్మాయి ఉంది, పెళ్ళయి ఇద్దరు బిడ్డలు పుట్టాక పుస్తకం పట్టినావిడ ఉంది. మీది ఏ కాలేజీ అని నేను అడగను. ఇప్పుడంతా కంప్యూటరే అయినా, మొదటి రోజు ఒక తెల్ల కాగితం తీసి, పైన శ్రీ నా చేత్తో రాసి, మిగతాది నువ్వు రాయి అని ఇస్తాను. వాళ్ళు నవ్వుకుంటారు. నవ్వుకోనీ.

మొన్నామధ్య ఒక అమ్మాయి చేరింది. వాళ్ళ నాన్న జీడితోటలో కూలి. కాగితం తీసి శ్రీ రాయబోతూ చూశాను, కలం అందుకోవడానికి తను చాపింది ఎడమచెయ్యి. చాపిన వెంటనే తప్పు చేసినట్టు వెనక్కి తీసుకుని, సారీ మేడమ్ అని కుడిచెయ్యి చాపింది. నాకు కళ్ళ ముందు ఆ ఉగాది అరుగు కనిపించింది. ఆ చెయ్యే ఇవ్వు అన్నాను. నేను శ్రీ రాయలేదు. తెల్ల కాగితం తెల్లగానే తన ముందుకి తోసి, పైనుంచీ నువ్వే రాయి అన్నాను. అరచేతి కింద పెట్టుకోమని నా సొరుగులోని అద్దుడు కాగితం తీసి ఇచ్చాను.