రాహుకాలానికి ముందు ఎగిరిన సరుకు విమానం

ముందే చెప్పేస్తున్నాను. జెండా పండుగ నాడు, ఊరి పెద్దమనుషులందరి ఎదుట, మా సొంత పెదనాయనను నేను నెత్తి నుంచి పాదాల దాకా ఎర్రగా చేసిన కథ ఇది. తప్పు నాదే. కానీ తప్పంతా నాదేనని ఎవరైనా అంటే మాత్రం అప్పుడూ ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. చదివి మీరే తీర్పు చెప్పండి. ఆ తీర్పు నాకు వ్యతిరేకంగా ఉంటే దయచేసి మీ దగ్గరే ఉంచుకోండి.

మాది నగరి. మగ్గాల చప్పుడు ఆగితే ఉయ్యాల్లో పిల్లలు ఉలిక్కిపడి లేచే ఊరు. నాయనకు పవర్‌లూమ్‌లు ఉండేవి. ఆయన అన్న, అంటే మా పెదనాయనకు, బజారులో జౌళి కొట్టు. నేను ఇంజనీరింగు పూర్తిచేశాను. ఆ చదివే రోజుల్లోనే ఆదివారాలు రైలెక్కి మద్రాసు వెళ్లి, ఒక క్లబ్బులో రిమోటు విమానాలు ఎగరేయడం నేర్చుకున్నాను. చదువయ్యాక సొంతంగా ఒక కిట్టు తెచ్చుకుని, వేసవంతా మేడగదిలో కూర్చుని అతికించాను. అది మామూలు విమానం కాదు, సరుకు విమానం. పెద్ద పొట్ట, పొట్ట కింద ఒక తలుపు. రిమోటు మీదున్న గుండ్రటి బొత్తం తిప్పితే తలుపు తెరుచుకుని లోపలున్నది కిందికి పడుతుంది. చూడటానికి నెలలు నిండిన కొంగలా ఉండేది. మా ఇంట్లో దాన్ని అందగత్తె అన్నది నేనొక్కదాన్నే.

పెదనాయన ఒకసారి వచ్చి దాని చుట్టూ గేదెను బేరం చేసేవాడిలా తిరిగాడు.

"ఏమ్మే భారతీ, ఇది ఎగర్తాదా?"

"ఎగర్తాది పెదనాయనా."

"ఎగిరి ఏం జేస్తాది?"

"సరుకు మోస్తాది."

"అయితే మన కొట్టుకు మూటలు తెస్తాదా?"

"అంత బరువు మొయ్యదు. పూలు, చాక్లెట్లు, అట్లాంటివి."

"పూలు మొయ్యను ఇంజనీరింగు సదవల్నా? మన మునెమ్మ దినామూ గంపలో మోస్తాండాది గదా!"

ఇంట్లో అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. అసలు సంగతి ఏమిటంటే, ఆ క్లబ్బు నడిపే ఆయన నన్ను పిల్లలకు నేర్పించే పనికి రమ్మన్నాడు. జీతం ఇస్తానన్నాడు, హాస్టలు చూపిస్తానన్నాడు. నాయనను అడిగితే "మా అన్న ఏమంటే అదే" అన్నాడు. మా అన్న అంటే ఎవరో మీకు తెలుసు. అందుకే రోషం పట్టలేక, జెండా పండుగ నాడు హైస్కూలు గ్రౌండులో జెండా మీద పూలు కురిపిస్తానని అక్కడికక్కడే సవాలు చేశాను.

"కురిపియ్యి," అన్నాడు పెదనాయన. "జెండా మీద పూలు పడితే నువ్వు మద్రాసుకు పో, నేనే బస్సెక్కిస్తా. పడకుంటే మాత్రం ఈ కొంగను నా కొట్లో దూలానికి యేలాడగట్టి, రెక్కలకు బనీన్లు తగిలిస్తా. సరేనా?"

"సరే!"

తను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని వాదించేవాళ్లను చూసి మీరంతా నవ్వుతారు. నేను పట్టిన దానికి నిజంగానే మూడే, ముందొక చక్రం, వెనక రెండు. అందుకని వాదనలో నాకు ఎప్పుడూ భయం లేదు.

ఇక ఆ రోజు పొద్దున్నే మా అమ్మ అడ్డం పడింది. చిత్తూరు జిల్లాలో కొత్త బండి కొంటే కాణిపాకం తీసుకెళ్లి వినాయకుడి ముందు పూజ చేయించనిదే రోడ్డెక్కించరు.

"కాణిపాకం పోకుండా దీన్ని గాల్లోకి యెట్ట లేపుతావే?"

"మా, ఇది బండి కాదు."

"సక్రాలుండాయా, లేదా?"

"ఉండాయి."

"ఇంజను?"

"ఉండాది."

"ఇంక బండి గాక బర్రెనా ఇది?"

బస్సులో అంత దూరం తీసుకెళ్తే కాణిపాకం చేరేది రెక్కలు లేని విమానమేనని గొంతు చించుకుని, చివరికి ఇంట్లోనే పూజకు ఒప్పించాను. నేను ఒప్పుకున్నది ఒక్క బొట్టుకు. స్నానం చేసి వచ్చేసరికి మా అమ్మ ఆయుధపూజకు మగ్గాలను ముస్తాబు చేసినట్టు దాన్ని ముస్తాబు చేసేసింది. మగ్గంలో ఏ ముక్కనూ బొట్టు పెట్టకుండా వదలని చెయ్యి అది. చక్రాల కింద నిమ్మకాయలు పెడితే చక్రాల కంటే నిమ్మకాయలే పెద్దవయ్యాయని, వాటిని తీసేసి ఉసిరికాయలు పెట్టింది. అంతటితో ఆగినా బాగుండేది. రెక్కను అప్పటికి ఇంకా బిగించలేదు. పొట్ట లోపల రిసీవరు పెట్టె తెరిచి ఉంది. రిమోటు చెప్పిన మాట అందుకుని, ఏ వైరుకు ఏ పని చెప్పాలో చెప్పేది అదే. ఏ వైరు ఎక్కడ గుచ్చాలో నేను చిన్న చిన్న చీటీలు రాసి దాని మీద అంటించుకున్నాను. ఆ చీటీల మీద వరసగా తడి పసుపు!

"మా! ఈడ గూడా పూసినావా?"

"అదే దాని గుండెకాయ అని నువ్వే గదే జెప్పినావు? గుండెకాయను ఇడ్సిపెట్టి తోకకు పెడితే దేవుడు నగడా?"

తుడిస్తే సిరా కూడా పసుపుతోపాటు వచ్చేసింది. పోనీలే, నేను కట్టిన విమానం నాకు తెలియదా అనుకుని, గుర్తున్న ప్రకారం వైర్లు గుచ్చి రెక్క బిగించేశాను. తలుపు చేత్తోనే తెరిచి బంతిపూల రేకులు నింపుతుంటే అమ్మ మళ్లీ వచ్చింది.

"శుక్రవారం గదా, రొంత కుంకుమ గలుపుదునా?"

"నీ ఇష్టం మా," అన్నాను రేకులు నింపే హడావుడిలో. మా అమ్మ నిఘంటువులో రొంత అంటే డబ్బా ఖాళీ అయ్యేదాకా అని నాకు ఆ క్షణంలో తట్టలేదు.

గ్రౌండుకు వెళ్లేసరికి ముఖ్య అతిథి రాలేదు. వచ్చాక జెండా ఎగరేశారు, ఉపన్యాసం మొదలుపెట్టారు, ఎంతకీ ముగించలేదు. శుక్రవారం పదిన్నరకు రాహుకాలం. చప్పట్లు కొట్టి ఆయన్ను కూర్చోబెట్టేసరికి పదిన్నర కావస్తోంది. ఎగరేసే ముందు రిమోటు మీది ప్రతి కర్రనూ కదిపి, విమానంలో ఏది కదులుతోందో కళ్లతో చూసుకోవాలి. ఎక్కడైనా మొదట నేర్పే పాఠం ఇదే. నేను తోక కదిపి చూశాను. బాగానే కదిలింది. వెనక నుంచి అమ్మ:

"లేపే! రాహుకాలం వచ్చేస్తాండాది!"

నాయన మెల్లగా దగ్గరకు వచ్చాడు. "పాపా, ఇంకోతూరి అంతా సూసుకోరాదా?"

"నాయనా, నువ్వు మగ్గం ఆడించేటప్పుడు నేనొచ్చి జెప్తానా?"

పాపం, ఆయన వెనక్కి వెళ్లి అమ్మ పక్కన నిలబడ్డాడు. విమానాన్ని పక్కకు తిప్పే రెక్కలు చూడలేదే అని మనసులో ఒక మూల అనిపించింది. రెక్కలు యాడికి పోతాయిలే అని ఆ మూలనూ నోరు మూయించాను. ఆలస్యం అమృతం విషమన్నారు కదా పెద్దలు. తొందరపడితే ఏమవుతుందో చెప్పకుండా తప్పించుకున్నారు!

అమ్మ అక్కడా చక్రాల కింద పెట్టిన ఉసిరికాయలను పక్కకు నెట్టి విమానం పరుగెత్తి, ఇంధనంలో కలిపిన ఆముదం పొగ వదులుతూ పైకి లేచింది. గ్రౌండంతా ఈలలు. నా గుండె దానికంటే పైన ఎగురుతోంది. నేననుకున్న దారి ఇది: షామియానా ఇవతలే కుడికి తిరిగి, ఒక చుట్టు చుట్టి, జెండా కొయ్య మీదికి వచ్చి పూలు వదలాలి. షామియానా నీడ దాటి వేసిన ముందు వరసలో పెదనాయన గంజి పెట్టిన తెల్ల పంచె, తెల్ల చొక్కాతో కూర్చుని ఉన్నాడు. పక్క కుర్చీలో మునస్వామి. మునస్వామిది పెదనాయన కొట్టుకు ఎదురు కొట్టు. ఒకరి బోణీ ఒకరికి గిట్టదు.

కుడికి తిరగమని కర్ర నెట్టాను. విమానం తిరగలేదు. పొట్ట కింది తలుపు తెరుచుకుంది.

రెక్కల వైరూ తలుపు వైరూ ఒకదాని చోట ఒకటి గుచ్చానని మీకు అర్థమైపోయి ఉంటుంది. నాకు అర్థం కావడానికి ఇంకాస్త సమయం పట్టింది. అప్పటికి బంతి రేకులు, వాటితోపాటు డబ్బాడు కుంకుమ తిన్నగా పెదనాయన మీద పడ్డాయి. ఆయన నోరు తెరుచుకుని పైకి చూస్తున్నాడు. మూసుకునే వ్యవధి కూడా నేనివ్వలేదు. చొక్కా, పంచె, మీసం, అంతా ఎరుపే. మునస్వామి మీద ఒక్క రేకు పడితే ఒట్టు. ఆయన పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. వెనక ఎవరో ముసలమ్మ లేచి "గంగమ్మ తల్లీ!" అని పెదనాయనకే దండం పెట్టేసింది.

తలుపు మూద్దామని గుండ్రటి బొత్తం తిప్పాను. విమానం ఒక పక్కకు ఒరిగిపోయింది. అమ్మో అని ఇటు తిప్పాను. ఇటు ఒరిగింది. అప్పటికి గాని బుర్ర వెలగలేదు. ఇక అక్కడి నుంచి రేడియోలో స్టేషన్ వెతికినట్టు ఆ బొత్తం మెల్లమెల్లగా తిప్పుతూ విమానాన్ని నడిపాను. నిజం చెప్తున్నాను, అలా నడపడం అందరికీ చేతకాదు! కాకపోతే గ్రౌండుకు తిప్పేలోపే అది గోడ దాటి నేతగాళ్ల వీధి మీదికి పోయింది. ఆ వీధిలో సరోజక్క పడుగు చాచి ఉంది. చీరకు కావలసిన నిలువు దారాలను మగ్గం ఎక్కించే ముందు వీధి పొడవునా చాచి, గంజి పట్టించి ఆరబెడతారు. ఇంజను ఆపి దించాను. వల్లో చేప పడ్డట్టు విమానం ఆ దారాల్లో మెత్తగా పడింది. దానికి గీత కూడా పడలేదు. పడుగు సంగతి మాత్రం సరోజక్క తిట్లను బట్టి మీరే ఊహించుకోండి.

ఊరంతా అక్కడికి చేరింది. పెదనాయన వచ్చాడు. కళ్లు మాత్రమే తెల్లగా ఉన్నాయి.

"జెండా మీద పడినాయా పూలు?"

"పెద్దల మీద పడితే జెండా మీద పడినట్టే పెదనాయనా!"

"నోరు ముయ్. పడినాయా, లేదా?"

"పడలేదు. అయితే ఎగిరిందా, లేదా? సరుకు దించిందా, లేదా? పగలకుండా కిందికి దిగిందా, లేదా? నువ్వు కూర్చున్న సోటు బాగలేకపోతే అది నా తప్పా?"

నాయన తల పట్టుకున్నాడు. పెదనాయన పంచె దులుపుకుని వెళ్లిపోయాడు. అలా దులుపుకోవడానికి అర్థం మా ఇంట్లో అందరికీ తెలుసు. విమానం దూలానికి, నేను ఇంటికి. ఆ రాత్రి దుప్పటి ముసుగులో ఏడ్చాను. ఏడ్చానని ఎవరికీ చెప్పలేదు, మీకు తప్ప.

మర్నాడు సరోజక్క ఇంటి ముందు కూర్చుని తెగిన పోగులన్నీ ఒక్కొక్కటే అతుకుతున్నాను. అది ఆమె వేసిన శిక్ష. పెదనాయన వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఎంత రుద్దినా చెవుల్లో ఇంకా ఎరుపు పోలేదు. తల వంచుకునే పని చేస్తున్నాను.

"విమానం మేడ మీద ఉండాది. పోయి తెచ్చుకో," అన్నాను.

"ఆ మునస్వామి బజారంతా తిరిగి నగతాండాడే."

"నగనీ."

"వాని గిరాకీలకు గూడా జెప్తాండాడంట."

"జెప్పనీ."

ఆయన అటూ ఇటూ చూసి, సరోజక్క లోపలికి వెళ్లేదాకా ఆగి, గొంతు తగ్గించాడు.

"గురి సూసి యెయ్యడం గూడా ఆ మద్రాసులో నేర్పిస్తారామ్మే?"

నేను పోగు వదిలేసి ఆయన మొహం చూశాను. "నేర్పిస్తారు పెదనాయనా."

"అయితే రేప్పొద్దున బస్సుకే పో. మీ నాయనకు నేను జెప్తాలే. బాగా నేర్సుకోనిరా. జనవరి జెండాకు వాడు కొత్త తెల్ల సిల్కు సొక్కా కుట్టించుకుంటాండాడంట."

కాబట్టి పాఠకులారా, ముప్పై మూడు కోట్ల దేవతల సాక్షిగా, ముఖ్యంగా కాణిపాకం వినాయకుడి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. రాహుకాలం నెత్తి మీదికి వచ్చినా సరే, మా అమ్మ శోష వచ్చి పడిపోయినా సరే, రెక్కలు కదిపి చూసుకోకుండా ఇంకెప్పుడూ విమానం లేపను. కుంకుమ సంగతి మాత్రం ఏ ప్రమాణమూ చేయను. నన్నడగొద్దు.