ఒంటికాలి మేడమ్ పెట్టిన సంతకం

స్టేడియం వెనక గేటు పక్కన ఫిజియోథెరపీ గదిలో పనిచేసే ఆవిడకు పిల్లలు పెట్టుకున్న పేరు ఒంటికాలి మేడమ్. ఆటలో తలకు దెబ్బ తగిలి మెదడు అదిరిన పిల్లల్ని బాగుచేసి మళ్ళీ మైదానంలోకి పంపడం ఆవిడ పని. వచ్చినవాళ్ళందరినీ ఒక మెత్తటి స్పాంజి దిమ్మ మీద కళ్ళు మూయించి ఒంటికాలిపై నిలబెడుతుంది కాబట్టి ఆ పేరు వచ్చింది. తొందరపెట్టే కోచ్‌ల మీదా, తల్లిదండ్రుల మీదా ఒంటికాలి మీద లేస్తుంది కాబట్టి అది నిలిచిపోయింది.

“కాలు విరిగితే కట్టు కనిపిస్తుంది. దీనికి కట్టు లేదు. అందుకే నేను అడ్డంగా కూర్చుంటాను,” అనేది. పద్దెనిమిదేళ్ళు అలాగే కూర్చుంది. మొదట నడిపించేది, తర్వాత సైకిల్ తొక్కించేది, ఆ తర్వాత తల తిప్పుతూ గోడమీది అక్షరాలు చదివించేది. తలనొప్పి మొదలైందా, ఆ రోజుకి అక్కడితో సరి. ఇక ఆడొచ్చని ఆవిడ సంతకం పెట్టిందంటే ఎవరూ మరో మాట అడిగేవారు కాదు. ఆ సంగతి ఆవిడకూ తెలుసు, కాస్త ఎక్కువే తెలుసు.

సీజన్ మొదట్లో, అందరూ బాగున్నప్పుడే, ప్రతి పిల్లకూ ఒకసారి పరీక్ష పెట్టి ఎన్నిసార్లు తూలిందో కాగితం మీద రాసిపెడతారు. రేపు దెబ్బ తగిలితే కోలుకుందో లేదో ఆ కాగితంతోనే పోల్చి చూస్తారు. ఆ ఏడాది వరసలో ఆవిడ సొంత చెల్లెలి కూతురు కూడా ఉంది. పదహారేళ్ళ పిల్ల, ఫుట్‌బాల్ జట్టుకు గోల్‌కీపర్. ముందు ఊరికే ఒకసారి నిలబెట్టి చూస్తే మేకు దిగ్గొట్టినట్టు నిలబడింది.

“ఇంత బాగా నిలబడితే ఎలాగే మొద్దూ? రేపు దెబ్బ తగిలితే మళ్ళీ ఇలాగే నిలబడి చూపిస్తేగానీ నిన్ను వదలను. కాస్త తూలావనుకో, నీకే సుఖం!” అంది మేడమ్ నవ్వుతూ.

అసలు పరీక్షలో ఆ పిల్ల తొమ్మిదిసార్లు తూలింది. మేడమ్ కలం ఒక్క క్షణం ఆగింది. బయట ఇంకా ఇరవైమంది ఉన్నారు. ఆకలేసి ఉంటుందిలే అని తనకు తాను సర్దిచెప్పుకుని, తొమ్మిది అని రాసేసింది.

రెండు నెలల తర్వాత ప్రాక్టీసులో గోల్‌కీపర్ తల గోల్‌పోస్టుకు కొట్టుకుంది. మూడు వారాలు చికిత్స జరిగింది. ఫైనల్‌కు రెండు రోజుల ముందు పరీక్ష పెడితే ఎనిమిదిసార్లు తూలింది. కాగితం ప్రకారం మునుపటికన్నా నయమే.

“తలనొప్పి ఉందా?”

“అస్సలు లేదు పెద్దమ్మా.”

కిటికీ వెలుతురుకు ఆ పిల్ల కళ్ళు చిట్లించడం మేడమ్ చూసింది. వెళ్తూ వెళ్తూ గుమ్మం పట్టుకోవడమూ చూసింది. వేరే పిల్ల అయితే ఇంకో వారం ఆపేది. తెలిసిన పిల్ల, ఫైనల్, చేతిలో కాగితం. చూసి కూడా సంతకం పెట్టింది.

ఫైనల్ పదో నిమిషంలో ఎత్తుగా వచ్చిన బంతి కోసం ఆ పిల్ల మూరెడు పక్కకు ఎగిరింది. పడింది. మళ్ళీ తల అదిరింది.

మర్నాడు మేడమ్ చెల్లెలి ఇంటికి వెళ్ళింది. పిల్ల గదిలో కర్టెన్లు మూసి ఉన్నాయి. ఈ సీజనంతా ఆట లేదని, పుస్తకం కూడా పట్టుకోవద్దని డాక్టరు చెప్పాడట.

“తప్పు నాదేనమ్మా. మొదటి పరీక్షలో కావాలనే తూలాను. తలనొప్పి లేదని పెద్దమ్మతో అబద్ధం చెప్పాను,” అంది పిల్ల కళ్ళు తెరవకుండానే.

పెద్దమ్మ నేర్పిందని మాత్రం అనలేదు.

చెల్లెలు కూతుర్ని కడిగిపారేసింది. తర్వాత అక్క చేతులు పట్టుకుంది. “ఏమనుకోకక్కా. పద్దెనిమిదేళ్ళ నీ పేరు మట్టిలో కలిపింది ఇది.”

మేడమ్ సిగ్గుతో చచ్చిపోయింది. అయినా చెల్లెలు ఇచ్చిన కాఫీ సగం తాగేదాకా, ఒక పిల్ల తన బదులు తిట్లు తింటుంటే వింటూ కూర్చుంది. ఆ సగం కప్పును ఆవిడ ఎప్పటికీ క్షమించుకోలేదు.

“దాన్ని తిట్టకే,” అంది చివరికి. “తూలమన్నది నేనే. సరదాకన్నాను. కావాలనే తూలిందని తెలిసీ రాశాను. మొన్న బాగాలేదని తెలిసీ సంతకం పెట్టాను.”

చెల్లెలు చేతులు వదిలేసింది. “మిగతా పిల్లల కాగితాలైనా నిజమేనా అక్కా?” అని అడిగింది.

సోమవారం మేడమ్ జట్టు మొత్తాన్ని గదిలోకి పిలిచి, జరిగిందంతా దాచకుండా చెప్పింది.

“ఎవరినీ తిట్టను. కావాలని తూలినవాళ్ళు ఇంకెవరైనా ఉంటే చెయ్యెత్తండి.”

ఒక చెయ్యి లేచింది. తర్వాత రెండు. చూస్తుండగా పదకొండు చేతులు లేచాయి.

“మీరే చెప్పారట కదా మేడమ్,” అంది ముందువరసలో ఉన్న చిన్న పిల్ల, ఏ కల్మషమూ లేకుండా.

మేడమ్ తలెత్తలేకపోయింది. పాత కాగితాలన్నీ అడ్డంగా చింపి, వంగి స్పాంజి దిమ్మను గది మధ్యకు లాగింది.