ఎర్ర గీత దగ్గర ఆగిన నీళ్లు: ఖమ్మం నుంచి దుమ్ముగూడెం అడవి దాకా

నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు ఒకటుంది: కంగారు. ఎనిమిదింటి బస్సుకు ఆరింటికే వెళ్లి స్టాండులో కూర్చునే మనిషిని. అలాంటిదాన్ని ఎనభైల చివర్లో ఒక శుక్రవారం ఖమ్మం నుంచి భద్రాచలం అవతలి అడవికి ఒంటరిగా వెళ్లాను. ఆ దారి ఎలా ఉంటుందని ఈమధ్య ఒకరిద్దరు అడిగితే ఇదంతా గుర్తొచ్చింది. అప్పుడు నేను హైదరాబాదులో బ్యాటరీల మీద పరిశోధన చేస్తున్నాను. మామూలు బ్యాటరీలో సీసం పలకలు గట్టిగా ఉండాలని యాంటిమొనీ అనే లోహం కలుపుతారు. దానివల్ల లోపలి నీళ్లు తొందరగా తగ్గిపోతాయి, ఎవరో ఒకరు పోస్తూ ఉండాలి. అడవి పల్లెలో ఎవరు పోస్తారు? అందుకని మేం యాంటిమొనీ బదులు కాల్షియం కలిపి పలకలు పోతపోశాం. దుమ్ముగూడెం దాటాక ఒక పల్లెలో చిన్న ఆరోగ్య కేంద్రం ఉంది. అక్కడ కాన్పుల గదిలో సౌర దీపానికి రెండు బ్యాటరీలు పెట్టాం. ఒకటి పాత రకం, ఒకటి మాది. ఏడాదిన్నర పాటు ఎవరూ ముట్టుకోకుండా ఉంటే దేనిలో నీళ్లు ఎంత తగ్గాయో చూడాలి. సోమవారం మా గైడుగారి ముందు ఆ ఫలితం పెట్టాలి. పెట్టలేకపోతే ప్రాజెక్టు ఆగిపోతుంది, నా మూడేళ్ల చదువూ దాంతోపాటే.

ఖమ్మంలో ఉదయం ఆరున్నరకు భద్రాచలం ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. టికెట్ పదహారు రూపాయలని గుర్తు. ఒళ్లో చీరలో చుట్టిన గాజు గొట్టం ఉంది, బ్యాటరీలోని ఆసిడ్ చిక్కదనం కొలిచేది. అది పగిలితే నా పని సున్నా. వైరా చెరువు పక్కనుంచి వెళ్తున్నప్పుడు అందరూ కిటికీల్లోంచి నీళ్లను చూస్తున్నారు, నేను మాత్రం గొట్టాన్ని తడుముకుంటున్నాను. కండక్టరు రెండుసార్లు గమనించి దగ్గరికొచ్చాడు.

"ఏందమ్మా అది? పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకున్నవ్?"

"గాజుదండీ. పగిలిపోతుందని భయం."

"గట్లయితే ఎనక సీట్ల కూసోకు. కొత్తగూడెం దాటినంక రోడ్డు బాగలేదు, ఎగిరి పడతవ్." అని, ముందు సీట్లో ఒకాయన్ని లేపి మరీ నన్ను కూర్చోబెట్టాడు.

కొత్తగూడెం, పాల్వంచ దాటి, గోదావరి వంతెన మీదుగా పదకొండు గంటలకు భద్రాచలం చేరాం. బస్టాండు ఎదుట హోటల్లో భోజనం ఆరు రూపాయలు. రెండు ముద్దలు కూడా దిగలేదు. వడ్డిస్తున్న పెద్దావిడ "ఏంది బిడ్డా, పప్పు బాగలేదా?" అంది. పప్పు బాగానే ఉంది, నా కడుపే బాగాలేదని చెప్పాను. "గుడికి పోయి రా, కుదురుకుంటది" అంది. వెళ్లడానికి టైమేదీ! పన్నెండున్నరకు చర్ల బస్సు. దుమ్ముగూడెం దాటాక ఆ పల్లెకు దారి చీలే చోట దిగి, మట్టిబాటలో ముప్పావుగంట నడవాలి. తునికి చెట్ల మధ్య నడుస్తుంటే నా చెప్పుల చప్పుడుకే నేను ఉలిక్కిపడ్డాను. దారి తప్పానేమో, కేంద్రానికి తాళం వేసి ఉంటుందేమో, పలకలు ఎండిపోయి ఉంటాయేమో.

తాళం లేదు. గుమ్మంలో ఖాకీ చొక్కా మనిషి లేచి దండం పెట్టాడు. పేరు ముత్తయ్య, అక్కడి వాచ్‌మన్. మేం బ్యాటరీలు పెట్టినప్పుడు ఆయన లేడు, వారం తర్వాత ఉద్యోగంలో చేరాడట. అప్పటి నర్సు బదిలీ అయిపోయింది. గదంతా కొత్త సున్నం వాసన.

"మీరొస్తున్నరని కార్డు వచ్చింది గద మేడం. నిన్ననే గోడలకు సున్నం ఏసిన" అన్నాడు సంబరంగా.

నేను సరాసరి బ్యాటరీల దగ్గరికి పరుగెత్తాను. వాటి డబ్బాలు లోపలి నీళ్లు కనిపించే రకం. మొదటిరోజు నీళ్లు ఉన్నచోట నేనే ఎర్ర గీత గీశాను. మా బ్యాటరీలో నీళ్లు సరిగ్గా ఆ గీత మీదే ఉన్నాయి. ప్రాణం లేచొచ్చింది! ఏడాదిన్నరలో చుక్క తగ్గలేదు! పక్కకు తిరిగి పాత రకం చూశాను. అందులోనూ నీళ్లు గీత మీదే ఉన్నాయి. అలా ఉండే వీల్లేదు.

"ముత్తయ్య గారూ... వీటిలో ఎవరైనా నీళ్లు పోశారా?"

"అవ్ మేడం, నేనే పోసిన. వారం వారం తప్పకుంట చూసుడు, తగ్గితే నింపుడు."

"ఎందుకు పోశారు!" అని అరిచాను. "అక్కడ కాగితం అంటించానుగా, ముట్టుకోవద్దని!"

ఆయన కాగితం వైపు చూశాడు, నా వైపు చూశాడు. "గది ఇంగ్లీషు గద మేడం. నాకేడ వస్తది? ఇరవై ఏండ్లు లారీల మీద చేసిన. పొద్దుగాల లేస్తే ముందు రేడియేటర్ల నీళ్లు, బ్యాటరీల నీళ్లు చూసుడే. తగ్గిన బ్యాటరీని చూస్తూ ఊకుంటే గా పని చేసిన మనిషే కాదు. ఈ దీపం ఆగితే కాన్పులెట్ల?"

కొంప మునిగింది. కోపం ఎవరి మీద తీర్చుకోను? మూడు వాక్యాలు తెలుగులో రాయడానికి బద్ధకించింది నేను. అక్కడే స్టూలు మీద కూలబడి, సిగ్గు లేకుండా ఏడ్చాను. ముత్తయ్య కంగారుపడి చెంబుతో నీళ్లు తెచ్చాడు.

"బావి నీళ్లేం పొయ్యలే మేడం. భద్రాచలంల లారీ బ్యాటరీల షాపుల అమ్మే సీసా నీళ్లే. గంత తెల్వదా నాకు?"

"అది కాదండీ. దేనికి ఎన్ని నీళ్లు పట్టాయో తెలియాలి. అదే నా పరీక్ష."

"గంతేనా! గీతలు ఉన్నయి గద" అన్నాడు. "సూది మందుకు వాడిన పాత గాజు సిరంజితోని పోసిన. నిండ సిరంజి పోస్తే గోడ మీద ఇనుప మొలతోని ఒక గీత. పాతదానికి ఎడమ దిక్కు, కొత్తదానికి కుడి దిక్కు. లారీ మీద గూడ గట్లనే గీకుతుంటిమి. ఏ బ్యాటరీ ఎక్కువ తాగుతదో ఓనరుకు చెప్పాలె గద." అని గోడ వైపు చెయ్యి చూపి, అక్కడే ఆగిపోయాడు. తెల్లటి గోడ. నిన్నటి సున్నం.

"అయ్యో, నా చేతులిరుగ!" అని నెత్తి కొట్టుకున్నాడు.

తర్వాత ముత్తయ్య తలుపు, కిటికీ మూసి, టార్చిలైటును గోడకు ఆనించి పక్కవాటుగా వెలుగు పడేలా పట్టాడు. మొలతో గీసినవి కదా, సున్నం వాటిని నింపలేకపోయింది. సన్నటి నీడలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. వేలితో తడుముతూ లెక్కపెట్టాను. ఎడమవైపు నలభై మూడు. సరిగ్గా వచ్చిందో లేదో అని మళ్లీ పెట్టాను, నలభై మూడే. కుడివైపు వేలు జరిపాను. ఒకటి, రెండు, మూడు... ఆరు. ఆ పైన గోడ నున్నగా ఉంది.

"మీ కొత్తదానికి దాహం తక్కువ మేడం. ఎన్నడో కనిపెట్టిన నేను. మీరడుగుతలేరు, ఏడుస్తనే ఉన్నరు" అన్నాడు ముత్తయ్య.

నవ్వాలో, మళ్లీ ఏడవాలో తెలియలేదు. సిరంజి ఎంత పడుతుందో కొలిచాను, గాజు గొట్టంతో ఆసిడ్ చూశాను, అన్నీ రాసుకున్నాను. నాలుగున్నరకు తిరుగు బస్సు. ముత్తయ్య రోడ్డు దాకా వచ్చి, చెయ్యెత్తి బస్సు ఆపి ఎక్కించాడు.

సోమవారం గైడుగారు అంకెలన్నీ చూసి, "నువ్వు హైదరాబాదులో ఉంటే అక్కడ ఇవన్నీ తీసిందెవరు?" అని అడిగారు. భయపడుతూనే గోడ సంగతి చెప్పాను. అదేం పద్ధతి అని కసురుతారనుకున్నాను. ఆయన కళ్లజోడు తీసి, రిపోర్టులో కొలతలు తీసినవారు అన్నచోట నా పేరు కొట్టేసి ముత్తయ్య పేరు రాయమన్నారు. ఏడాదిన్నరపాటు నేను భయపడుతూ గడిపాను, కొలిచే పని మాత్రం ముత్తయ్య చేశాడు. మీరు అటు వెళ్తే తిరుగు బస్సు ఎన్నింటికో, ఎక్కడ ఆగుతుందో దిగేటప్పుడే కండక్టరును అడిగి పెట్టుకోండి, ఆ దారిలో బస్సులు తక్కువ. నెల తిరక్కుండా నేను మళ్లీ వెళ్లాను, ఈసారి తెలుగులో పెద్ద అక్షరాలతో రాసిన కాగితం పట్టుకుని. ముత్తయ్య దాన్ని కూడబలుక్కుని చదివి, గోడకు అంటించబోతే ఆపాడు. గీతలున్న చోట వద్దన్నాడు. ఆ ఒక్క గోడ మీది సున్నాన్ని అప్పటికే ఆయన తడిగుడ్డతో తుడిచేశాడు.