గంటకో గ్లాసు నీళ్లు: గోదావరిఖనికి పోయొచ్చిన సంగతి

నేను ఒక వారపత్రికలో ఆరోగ్య శీర్షిక రాస్తుంటాను. డాక్టర్ని కాను. అంతకుముందు రాసే ఆయన మానేస్తే ఖాళీ నింపమని నాకిచ్చారు, ఆరేళ్లుగా నింపుతూనే ఉన్నాను. ఏటా ఎండాకాలం రాగానే పది చిన్న అలవాట్లు రాస్తాను. నిరుడు మొదట ఉన్న పుచ్చకాయ ఈ ఏడు నాలుగో స్థానానికి దిగుతుంది, మజ్జిగ పైకెక్కుతుంది. గంటకో గ్లాసు నీళ్లు మాత్రం కదలదు. ఇంతవరకు ఎవరూ ఫిర్యాదు చేయలేదు కాబట్టి పాఠకులంతా ఆరోగ్యంగా ఉన్నారనే నా నమ్మకం.

మే నెలలో గోదావరిఖని నుంచి మా బావ సమ్మయ్య ఫోన్ చేశాడు. మా చెల్లెలు స్వరూప భర్త. బొగ్గు గనిలో పని. స్వరూప బజార్లో చిన్న షాపు పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. మొన్నామధ్య కుడుతూనే మిషన్ మీదికి ఒరిగిపోయిందట. దవాఖానలో మూత్రంలో ఇన్ఫెక్షన్ అన్నారట. ఇది మూడోసారి, ఇట్లాగే నీళ్లు తాగకుండా ఉంటే కిడ్నీల దాకా పోతుందని డాక్టరమ్మ గట్టిగానే చెప్పిందట.

"నేను చెప్తె ఇంటలేదు బావా. నువ్వు పేపర్ల రాస్తవ్ గద, నీ మాటింటది" అన్నాడు.

నా రాతల మీద నమ్మకమున్న మనిషి ఒకడున్నాడని ఆ రోజే తెలిసింది. మర్నాడే బయలుదేరాను.

హన్మకొండలో ఇంటి నుంచి ఆరున్నరకు ఆటో ఎక్కి కాజీపేట చేరాను. ఏడు దాటాక ప్యాసింజరు దొరికింది. కిటికీ పక్కన సీటు, సంచిలో రెండు లీటర్ల నీళ్లు, నాలుగు నిమ్మకాయలు, నా వ్యాసాల కత్తిరింపులు అయిదు. జమ్మికుంట దాటాక ఎదుటి సీట్లో ఒక పెద్దాయన కూర్చున్నాడు. గనిలో చేసి రిటైరై మందమర్రిలో ఉంటున్నాడట. ఆయన అడగకపోయినా ఎండాకాలపు అలవాట్లన్నీ వరసగా చెప్పాను. మధ్యాహ్నం ఎండలో తిరగొద్దన్నాను, లేత రంగు నూలు బట్టలు వేసుకోమన్నాను. ఓపికగా విన్నాడు.

"నువ్వేం పని జేస్తవ్ బిడ్డా?"

రాసే పని అన్నాను.

"నీడకు కూసుండేనా?"

అవునన్నాను. "మంచిగున్నది" అని కిటికీలోంచి బయటికి చూశాడు.

తొమ్మిదిన్నరకు రామగుండంలో దిగాను. షేర్ ఆటో నిండేదాకా కదలలేదు, నిండాక మరో ఇద్దర్ని ఎక్కించుకుని కదిలింది. బొగ్గు లారీల వెనక మూతికి తువాలలు చుట్టుకుని చౌరస్తాలో దిగేసరికి పదింబావు. లేత రంగు చొక్కా వేసుకోవాలన్న నా సూత్రం ఆ కాస్త దూరంలోనే మసిబారింది.

స్వరూప షాపు ఆరు షట్టర్ల వరసలో మూడోది. పక్కన రాజమణి అక్క జిరాక్స్ షాపు, ఆ పక్కన ఒకామె గాజుల షాపు. మిగతా మూడు మగవాళ్లవి. నన్ను చూసి స్వరూప సంతోషపడింది, స్టూలు వేసింది, చల్లటి నీళ్లు తెప్పించింది. తన బాటిల్ మాత్రం మిషన్ కింద నిండుగా ఉంది. నేను ఆలస్యం చేయకుండా కత్తిరింపులు బయటికి తీశాను. చదువుతుంటే తలూపుతూ కుట్టింది. ప్రతి సూత్రానికీ "సరే అన్నా" అంది. అంత వినయంగా వినే శ్రోత దొరికితే ఎవరికైనా ఉత్సాహం పెరుగుతుంది.

చెప్పడమే కాదు, చేసి చూపించాలనుకున్నాను. గంట కొట్టినట్టు గంటకోసారి గ్లాసు నింపి ఆమె ముందే తాగాను. పదకొండున్నరకు ఒకసారి షాపుల వెనక గోడ దగ్గరికి వెళ్లొచ్చాను. అక్కడ అప్పటికే ఇద్దరు నిలబడి ఉన్నారు. ఒంటి గంటకు టిఫిన్ డబ్బా విప్పి అన్నం, పచ్చిపులుసు తిన్నాం. తిన్నాక మళ్లీ వెళ్లొచ్చాను. మూడింటికి దగ్గర్లోని ఓపెన్‌కాస్ట్ గనిలో బ్లాస్టింగ్ జరిగి షట్టర్లు గడగడమన్నాయి. ఉలిక్కిపడింది నేనొక్కడినే. ఆ తర్వాత మూడోసారి వెళ్లొచ్చాను. స్వరూప బాటిల్లో నీళ్లు బొటనవేలంత కూడా తగ్గలేదు. మధ్యమధ్య మూత తీసి పెదాలు తడుపుకుంటుంది, అంతే.

నాలుగింటికి నాకు కోపం వచ్చింది. డిగ్రీ చదివి ఇంత మొండితనమేమిటన్నాను. ఒంటి మీద శ్రద్ధ లేనివాళ్లకు ఎవరు చెప్పినా దండగే అన్నాను. స్వరూప కాలు ఆగింది. తల వంచుకుని కత్తెర తీసుకుంది.

అప్పటికే రాజమణి అక్క వచ్చి గడపలో నిలబడి ఉంది.

"అన్నా, ఒక మాట అడుగుత, ఏమనుకోకు. పొద్దటి సంది నువ్వా గోడెన్కకు మూడుసార్లు పోయొచ్చినవ్. మేమెటు పోవాలె?"

ఆరేళ్లుగా నీళ్లు తాగమని రాస్తున్న మనిషిని. తాగిన నీళ్లు ఎక్కడికి పోతాయో ఒక్కసారీ రాయలేదు.

మిగతాదంతా రాజమణి అక్కే చెప్పింది. పొద్దున తొమ్మిదికి షాపు తెరిస్తే రాత్రి ఎనిమిదికి ఇంటికి. ఇంటికి పోయి రావాలంటే గంట, ఈలోపు గిరాకీ వేరే షాపుకు పోతుంది. వరస వెనక ఒక లెట్రిన్ ఉంది గానీ షట్టర్ల మాలిక్ మల్లయ్య దాన్నిండా పాత ఫ్లెక్సీలు, సంచులు నింపి తాళం వేశాడు. స్వరూప రెండుసార్లు అడిగింది. మొదటిసారి చూద్దామన్నాడు. రెండోసారి, ఆడోళ్లు ఇంటికాడ్నే కానిచ్చుకొని రావాలె అన్నాడు. బావకు చెప్పలేదా అని స్వరూపనడిగాను.

"ఏమని చెప్పాలె అన్నా?" అంది, నా వైపు చూడకుండా.

అయిదింటికి మల్లయ్య ఇంటికి వెళ్లాను. కూలర్ ముందు కుర్చీ వేశాడు. మజ్జిగ పోయించాడు. పత్రికలో రాస్తానంటే చాలా గౌరవించాడు. విషయం సగం చెప్పానో లేదో, ముందుగాల చెప్పొద్దా అంటూ లోపలికి వెళ్లి తాళంచెవి తెచ్చి చేతిలో పెట్టాడు. నాకు అర్జెంటుంటే తన ఇంట్లో బాత్రూం ఉందని కూడా చెప్పాడు. మజ్జిగ గ్లాసు ఇంకా ఖాళీ కాలేదు.

ఊరు గెలిచినట్టు తిరిగొచ్చి తాళంచెవి చాచాను. స్వరూప తీసుకోలేదు.

"నాలుగేండ్ల సంది ఈడనే ఉన్న. నేనడిగితె నా మొకం గూడ సూడలె. నీకైతె మజ్జిగ వోసి ఇచ్చిండా?" అంది. కళ్లు తుడుచుకుంది. నేను చెయ్యి అట్లాగే చాచి నిలబడ్డాను. దానికి నా కత్తిరింపుల్లో సూత్రమేదీ లేదు. కాసేపటికి తనే లేచి తాళంచెవి అందుకుంది.

ముగ్గురాడవాళ్లూ షాపులకు సగం షట్టర్ దించారు. సంచులు మోసే పని నాకిచ్చారు. ఆ రోజు నేను చేసిన ఉపయోగకరమైన పని అదే. పక్క షాపు డ్రమ్ములోంచి బకెట్లతో నీళ్లు మోసి, ఫినాయిల్ పోసి కడిగారు. లోపలి గడియ ఊడిపోయి ఉంటే గాజులామె తాడు కట్టింది. అంతా అయ్యాక స్వరూప మిషన్ ముందు కూర్చుని బాటిల్ ఎత్తింది. ఆగకుండా సగం తాగింది.

మర్నాడు పొద్దున బావ వాళ్ల గని క్వార్టర్లో అంబలి తాగుతుంటే బావ డ్యూటీ దిగి వచ్చాడు. అంతా చెప్పాను. చాలాసేపు తువాలతో మొహం తుడుచుకుంటూనే ఉన్నాడు.

"రోజు సైకిల్ మోటర్ మీద నేనే దింపొస్త బావా. ఒక్కనాడన్న అడగకపోతి" అన్నాడు.

పది గంటలకు కరీంనగర్ బస్సెక్కాను. పెద్దపల్లిలో ఒక నర్సు ఎక్కి నా పక్క సీట్లో కూర్చుంది. ఒళ్లంతా చెమట. డ్యూటీకి పోతోందట. అలవాటు కొద్దీ బాటిల్ అందించాను.

"వద్దన్నా, కరీంనగర్ దాక ఆగాలె" అంది.

బాటిల్ మూత బిగించాను, నేనూ తాగలేదు. సుల్తానాబాద్ దాటేసరికి నాలుక పిడచకట్టుకుపోయింది, పదేపదే గడియారం చూసుకున్నాను. ఆమె మాత్రం చున్నీ తల మీదికి లాక్కుని కిటికీలోంచి చూస్తూ నిమ్మళంగా కూర్చుంది. ఎప్పటినుంచో అలవాటైన మనిషి.