గిర్ని రాజమల్లు నామినేషన్

హన్మకొండ కోర్టు గోడ పక్కన నలభై ఏళ్లుగా నా కుర్చీ ఉంది. అర్జీలు, అఫిడవిట్లు, కిరాయి పత్రాలు రాసి బతికాను. ఈ సుదర్శన్ రాసిన కాగితం వెనక్కి రాదని నాకు కాస్త పొగరు కూడా ఉండేది. మొన్నటి అసెంబ్లీ ఎన్నికలప్పుడు రాజమల్లు పుణ్యమా అని అది దిగింది.

రాజమల్లుది మా గల్లీలో పిండిగిర్ని. పేరుకే అతనిది, నడిపింది అతని భార్య చిలుకమ్మ. ఎవరి జొన్నలు ఎంత మెత్తగా పట్టాలో, ఏ ఇంట్లో పెళ్లికి ఎంత పసుపు కావాలో ఆమెకు నోటికి వచ్చు. రాజమల్లు మూటలెత్తేవాడు, బెల్టు ఎక్కించేవాడు. మాటలన్నీ ఆమెవే. "రాజమల్లూ, నీకు ఆకలైతాందో లేదో గూడ చిలుకమ్మనే అడగాల్నా?" అని నేను వేళాకోళం చేస్తే నవ్వి ఊరుకునేవాడు.

మురుగునీటి మోరీ కడతామని గల్లీని తవ్వి ఏడాదిపాటు అలాగే వదిలేశారు. ఏప్రిల్‌లో ఓ పొద్దున చిలుకమ్మకు గుండెనొప్పి వచ్చింది. అంబులెన్సు లోపలికి రాలేక మెయిన్ రోడ్డు మీదే ఆగింది. మిర్చి బస్తాలు తెచ్చే తోపుడుబండి మీద ఆమెను పడుకోబెట్టి, గుంతల మీద చెక్కలు వేసి దాటించాం. బండిని తోసినవాళ్లలో నేనూ ఉన్నాను. దవాఖాన చేరేసరికి ప్రాణం లేదు.

పదకొండో రోజు దాటగానే రాజమల్లు గిర్ని తెరిచాడు. ఏడవలేదు. ఏడిస్తే బాగుండునని గల్లీ అంతా ఎదురుచూసింది. మిర్చి పట్టేటప్పుడు వాకిట్లో నిలబడ్డ వాళ్లం కూడా తుమ్మి చచ్చేవాళ్లం. అతను మాత్రం ఆ ఘాటు మధ్య కళ్లయినా తుడుచుకోకుండా జల్లెడ పట్టేవాడు. పలకరిస్తే ఊఁ అనేవాడు, అన్నం పెడితే తినేవాడు. గిర్నికి వచ్చే మొగిలమ్మ ఓ రోజు, "గీ మనిషి ఈడ లేడు సారూ" అంది.

గిర్ని కాక అతను చేసిన పని ఒక్కటే. ఆ గుంతలు పూడ్చమని ప్రతి సోమవారం నాతో ఒక అర్జీ రాయించుకుని ఆఫీసుల చుట్టూ తిరిగేవాడు. చివరికి ఓ లీడరు విసుగొచ్చి పదిమంది ముందు, "గంత బాధుంటే నువ్వే ఎమ్మెల్యేకు నిలబడరాదు?" అన్నాడట. రాజమల్లు సరాసరి నా దగ్గరకు వచ్చాడు.

"నిలబడుమన్నడు అన్నా. నిలబడుత. కాయితాలు రాయి."

అది ఎగతాళి అని నేను చెప్పలేదు. ఇన్ని నెలలకు ఏదో ఒకటి చేస్తానన్నాడు, అదే చాలనుకున్నాను. ఇండిపెండెంటుకు పదిమంది ఓటర్లు బలపరచాలి. గిర్నికి వచ్చే ఆడవాళ్లే వరసగా వచ్చి సంతకాలు పెట్టారు. అఫిడవిట్ రాసేటప్పుడు మాత్రం అభ్యర్థి గడుల పక్కన భార్య గడులు వచ్చాయి.

"చిలుకమ్మయి ఇడిసిపెట్టన్నా. నేను రాసుకుంట" అన్నాడు.

నమ్మాను. అదే నా తప్పు.

సోమవారం పదకొండింటికి నామినేషన్ల పరిశీలన. తొమ్మిదిన్నరకు వచ్చి జేబులోంచి మడత పెట్టిన చీటీ తీశాడు. నామినేషన్ వేసిన శుక్రవారం నాడే ఆఫీసులో ఇచ్చిన చీటీ అది. భార్య గడులు ఖాళీగా ఉన్నాయి, పరిశీలన మొదలయ్యేలోపు కొత్త అఫిడవిట్ ఇవ్వకపోతే నామినేషన్ చెల్లదని అందులో ఉంది. నాకు ఒళ్లు మండింది.

"మూడు రోజులు జేబుల పెట్టుకొని తిరిగినవా?"

"రాద్దామనే కూసున్న అన్నా. చెయ్యి రాలే."

"లేనిది లేదని రాయడానికి ఏమైంది? నువ్వు రాయకుంటే ఆమె లేసొస్తదా?"

అన్నాను ఆ మాట. నోరు జారడం అంటే అదే. ఇప్పటికీ గుర్తొస్తే సిగ్గుతో చస్తాను. అతనికి మాత్రం కోపం రాలేదు. నా చేతిలోంచి పెన్ను తీసుకున్నాడు.

కొత్త ఫారంలో అతని గడులన్నీ నా దగ్గరున్న నకలు చూసి ఇంకో పెన్నుతో నేనే గబగబా ఎక్కించాను. భార్య గడులు అతనికి వదిలాను. ఒకచోట లేదని రాస్తే ఒప్పుకోరు, ప్రతి గడిలోనూ రాయాలి. పాన్ నంబరు, లేదు. బ్యాంకు ఖాతా, లేదు. బంగారం, లేదు. బండి, భూమి, ఇల్లు, లేదు, లేదు, లేదు. పిల్లలు కాపీ రాసినట్టు గుండ్రంగా, తొందర లేకుండా రాసుకుంటూ పోయాడు. నేను గడియారం చూస్తున్నాను. వృత్తి దగ్గర పెన్ను ఆగింది.

"గిర్ని ఆమెదే గద అన్నా" అన్నాడు.

తర్వాత అక్కడా లేదు అని రాశాడు.

నోటరీ ముద్ర వేయించి, ఆటో ఎక్కి, పదకొండుకు ఎనిమిది నిమిషాలుండగా కాగితం ఆఫీసులో ఇచ్చాం. మధ్యాహ్నం పేర్లు చదివారు. రాజమల్లు, స్వతంత్ర అభ్యర్థి, ఆమోదం. పట్టలేని సంతోషంతో బయట మెట్ల మీద అతని భుజం తట్టాను.

"అయిపాయె రాజమల్లూ, నిలబడ్డవ్. ఇగ ఫికర్ లేదు."

అతను నా మొహంలోకి చూశాడు. నాకు తెలియని కబురేదో చెబుతున్నట్టు మెల్లగా అన్నాడు.

"చిలుకమ్మ సచ్చిపోయింది అన్నా."

ఏడు నెలల్లో ఆ మాట అతని నోట వినడం అదే మొదటిసారి. మెట్ల మీద కూలబడి, మోకాళ్ల మీద తల పెట్టుకుని గట్టిగా ఏడ్చాడు. నామినేషన్ ఒప్పుకున్నారన్న సంతోషం అనుకున్నారేమో, పెద్ద పార్టీ వాళ్లు దండలు పట్టుకుని నవ్వుతూ మా పక్కనుంచి దిగిపోయారు. నేను అతని పక్కనే కూర్చున్నాను.