అన్న ఒంటిగా ఎక్కిన బస్సు

ఈ మధ్య నేను వీధి చివరి కొట్టుకు పోయి కరివేపాకు తెచ్చుకుందామని గేటు దాటితే చాలు, వెనకాల మా కోడలి చెప్పులు టపటపమంటాయి. నేను ఆగితే అవీ ఆగుతాయి, నేను కదిలితే అవీ కదులుతాయి. ఎడమకన్ను నీటికాసులతో ఎప్పుడో పోయింది, కుడికన్నును కూడా ఇక ఎంతోకాలం నమ్ముకోవద్దని నెల్లూరు డాక్టరు చెప్పినప్పటి నుంచి ఇదే వరస. చూపు మందగిస్తోంది గానీ చెవి మందగించలేదమ్మా అని కసురుకుందామని నోటిదాకా వస్తుంది, అంతలో మా అన్న గుర్తొచ్చి ఊరుకుంటాను.

మాది ఉదయగిరి, కొండకింద వీధి. నేను పుట్టడానికి ముందటి ఏడు అన్నకు అమ్మవారు పోసి రెండు కళ్ళూ తీసుకుపోయింది. నాకు ఊహ తెలిసేనాటికే ఆయన అలా ఉన్నాడు గనక, అన్నలందరూ మనుషుల్ని చప్పుళ్ళతోనే గుర్తుపడతారని చాలాకాలం అనుకున్నాను. నాయన కిర్రుచెప్పులు, అవ్వ దగ్గు, నా కాలిపట్టీలు అన్నీ ఆయనకు తెలుసు. దొంగతనంగా ఉట్టిమీద బెల్లం తీయబోతే పక్కగదిలోంచి నా పేరు పిలిచేవాడు, అదొక్కటే నాకు ఆయనతో ఉన్న తగాదా.

మద్రాసులో గుమాస్తాగా ఉండే మా మేనమామ పట్టుబట్టి అన్నను అక్కడి చూపులేని పిల్లల బడిలో చేర్పించాడు. ఆంధ్ర రాష్ట్రం ఇంకా రాని రోజులు. ఏటా వేసవి సెలవుల్లో ఆయనే వెంటబెట్టుకుని తెచ్చి దింపేవాడు. మొదటి ఏడు అన్న ఒక ఇనుప పలక, చిన్న ములుకు, అట్టలాంటి మందపాటి కాగితాలు తెచ్చి, ములుకుతో చుక్కలు పొడిచి, కాగితం తిప్పి వేళ్ళతో చదివి వినిపించాడు. అవ్వ ఆ కాగితాన్ని తడిమి చూసి, "ఇదేందిరా, అమ్మవారు పోసిన మొహం మాదిరి ఉండాదే" అంది. ఇంట్లో అందరికీ గుండె కలుక్కుమంది గానీ, అన్న పకపకా నవ్వి, "అవునవ్వా, ఆయమ్మ ఎత్తకపొయ్యింది ఈ చుక్కల్లోనే తిరిగిస్తా ఉండాది" అన్నాడు. ఆ వేసవిలోనే నాకూ ఆ చుక్కలు నేర్పాడు, నేను కళ్ళతో చదివితే అది దొంగచదువని ఎగతాళి చేసేవాడు.

నాలుగో ఏడు మేనమామకు దూరంగా బదిలీ అయింది. తీసుకుపోయే దిక్కులేదు గనక ఇక చాలన్నాడు నాయన. అసలు కారణం అది కాదని మాకు తెలుసు. ఇన్ని ఎకరాలు పెట్టుకోని చూపులేని బిడ్డకి రెండు ముద్దలు పెట్టలేక పట్నానికి తోలినాడని ఊళ్ళో అంటుంటే నాయనకు తల కొట్టేసినట్టుండేది. పైగా ఆ బడిలో చదువుతోపాటు కుర్చీలకు బెత్తం అల్లడం కూడా నేర్పుతారు, తన కొడుకు ఒకరి కుర్చీ అల్లడమేమిటని ఆయన బాధ. నాయన చెడ్డవాడు కాదండీ, కొడుకును అరుగుమీద కూర్చోబెట్టి జీవితాంతం పువ్వులా చూసుకోవడమే ప్రేమ అనుకున్న మనిషి. అన్నకు ఆ అరుగే చెరసాల అని ఆయనకు తోచలేదు.

అన్న అన్నం మానేశాడు. రెండో రోజుకు నాయన దిగొచ్చి ఒక షరతు పెట్టాడు. "ఒంటిగా బస్సెక్కి ఆత్మకూరు పొయ్యి, మీ అత్త చేతి అన్నం తిని, మళ్ళా ఒంటిగా రా. వస్తే బడికి పో, నేను అడ్డం చెప్పను. రాలేకపోయినావా, ఇంక ఆ మాట ఎత్తమాక." అన్నకు పదహారేళ్ళు, నాకు పదకొండు.

ఆ పొద్దున అమ్మ నా పట్టీలు ఊడదీసి పోపులపెట్టెలో దాచి, బస్సులో ఆడవాళ్ళ సీట్లో కూర్చో, నోరు మెదపొద్దని నన్ను అన్న వెనకాల తోలింది. యుద్ధం నాటి బొగ్గుబస్సులు పోయి పెట్రోలు బస్సులు వచ్చిన కొత్త. అన్న ఒక్క తడబాటు లేకుండా బస్సెక్కి, టికెట్టు తీసుకుని, పక్కాయనతో వానల గురించి ముచ్చట్లు కూడా పెట్టుకున్నాడు. నాకైతే గర్వంతో ఒళ్ళు పొంగింది.

దుత్తలూరులో ఇంజనుకు నీళ్ళు పోయడానికి బస్సు ఆపితే అందరూ దిగారు. అన్న బస్సు వెనక నిచ్చెన పట్టుకుని నిలబడ్డాడు. గంప నెత్తిన పెట్టుకుని పోతున్న ఒక ముసలామె ఆగి, ఆయన మొహం చూసి అయ్యో అని, కొంగున ముడేసుకున్న కానీ బిళ్ళ తీసి ఆయన చేతిలో పెట్టింది. అన్నకు కోపం రాలేదు. నవ్వుతూ ఆమెకేదో చెప్పబోతున్నాడు. నా పాడునోరు ఊరుకుంటేనా! "మా అన్న అడుక్కునేవాడు కాదు!" అని అందరికీ వినపడేలా అరిచేశాను.

అన్న మొహంలో నవ్వు ఆరిపోయింది. "పాపా, నువ్వా?" అన్నాడు అంతే. తర్వాత ఆ ముసలామె చేతిని వెదికి పట్టుకుని, "నేను గూడా నీ మాదిరే దావన పొయ్యేవాణ్ణే అమ్మా, ఇది నువ్వే పెట్టుకో" అని ఆ కానీ తిరిగిచ్చేశాడు. ఆత్మకూరు చేరేదాకా, అత్త ఇంట్లో అన్నం తినేటప్పుడు, తిరిగొచ్చేటప్పుడు నాతో ఒక్క మాట మాట్లాడలేదు.

సాయంత్రం నాయన అరుగుమీద కూర్చుని, ఒంటిగానే పోయినావా అని అడిగాడు. అవునంటే సరిపోయేది, నేనెలాగూ చెప్పేదాన్ని కాదు. అన్న మాత్రం, "లేదు నాయనా, పాప వచ్చింది" అన్నాడు. అయితే పందెం పోయినట్టేనని నాయన తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. నేను గాదె వెనకాల దాక్కుని వెక్కి వెక్కి ఏడ్చాను. ప్రేమతో పోయినదాన్ని, ప్రేమతోనే ఆయన చదువు మీద మన్ను పోశాను.

బడి తెరిచే వారం వచ్చింది. నాయన చేనికీ, అమ్మ బావికీ పోయిన పొద్దుటి వేళ నేను గడపలో నిలబడి ఉన్నాను. అన్న రేకుపెట్టె పట్టుకుని లోపలినుంచి వచ్చాడు. చార్జీ డబ్బులు ఎక్కడివంటే అవ్వనే అడగాలి, ఆమె మూలన కళ్ళు మూసుకుని పడుకుని ఉంది గానీ కొంగుముడి మాత్రం విప్పి ఉంది. నా కాళ్ళకు మళ్ళీ పట్టీలున్నాయి. ఒక్క అడుగు వేస్తే ఘల్లుమంటాయి. కాలివేళ్ళు ముడుచుకుని, గడప పట్టుకుని, ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. పెట్టె అందుకోవాలని చేతులు పీకాయి, వీధిమలుపులో రాయి ఉంది జాగ్రత్త అని చెప్పాలని నాలుక పీకింది. అన్న మెట్లు దిగి, నాలుగడుగులు వేసి ఆగి, వెనక్కి తిరగకుండానే అన్నాడు. "మొన్న నీ నోరు ఊరుకోలేదు. ఇయ్యాల కాళ్ళు గూడా ఊరుకున్నాయే. మంచిపిల్లవి పాపా."

బస్సుకు పోయే దారిలో కొలిమి వేడి చెంపకు తగిలేచోట ఎడమకు తిరగాలి, చెక్కగరిటెలు చేసే ముసలాయన ఆకురాయి గరగర వినపడితే అదే బస్సు ఆగే చోటు. అన్న అలాగే పోయాడు. బస్సు హారను వినపడేదాకా నేను కదలలేదు.

నాయన మూడు రోజులు చేనికి పోకుండా అరుగుమీదే కూర్చున్నాడు. తర్వాత ఉత్తరం వచ్చింది, అంతా చుక్కలే. ఊళ్ళో చదవగలిగినదాన్ని నేనొక్కదాన్నే. "చేరినాను. సంగం దాటేటప్పుడు పెన్న గాలి తగిలింది, ఎవురూ చెప్పకుండానే తెలిసింది." నాయన దాన్ని నాచేత నాలుగుసార్లు చదివించుకుని, పైపంచెతో మొహం తుడుచుకుని చేనికి పోయాడు.

అన్న చదువు ముగించి ఆ బడిలోనే పంతులయ్యాడు. ఏటా వేసవికి ఒంటిగా వచ్చేవాడు. ఆ రోజు నాయన గరిటెలాయన దగ్గరికి పోయి, బస్సు వచ్చేదాకా బేరమాడి, ఒక గరిటె కొనేవాడు. కొడుకు కోసం కాచుకున్నాడని ఎవరూ అనుకోకూడదు కదా! మా వంటింట్లో పెళ్ళికి సరిపడా గరిటెలు పోగయ్యాయి. అన్న బస్సు దిగి ఇంటికి నడుస్తుంటే పదడుగుల వెనక కిర్రుచెప్పులు వచ్చేవి. నేనొకసారి ఉండబట్టలేక, నన్నైతే అంత సాధించావు, నాయననేమో ఏమీ అనవేం అని నిష్ఠూరమాడాను. "ఆయన నాకోసం రావడంలే పాపా, ఆయన కోసమే ఆయన వస్తా ఉండాడు. రానీలే" అన్నాడు.

ఇప్పుడు ఫోనే ఉత్తరాలు చదివి పెడుతోంది, టైమెంతో చెబుతోంది. నెల్లూరు బస్టాండులో తెల్లకర్ర పట్టుకుని చకచకా పోయే ఆడపిల్లల్ని చూశాను, వాళ్ళ చేతిలో కానీ బిళ్ళ పెట్టేవాళ్ళెవరూ ఎదురుకాలేదు. ఇవన్నీ చూడకుండానే అన్న వెళ్ళిపోయాడు. నాయన కొన్న గరిటెల్లో ఒకటే మిగిలింది, పప్పు కలపడానికి అదే వాడుతున్నాను.

ఈ పొద్దున కూడా సంచి తీసుకుని గేటు దాటాను. సంచి అందుకోవడానికి వస్తే మాత్రం ఊరుకునేది లేదు, అది కోడలికీ తెలుసు. నాలుగడుగులు వేశానో లేదో చెప్పులు మొదలయ్యాయి. గడపలో కదలకుండా నిలబడడం ఎంత కష్టమో, ఒకనాడు నిలబడినదాన్ని, నాకు తెలియదా? రానీలే అనుకుని, వెనక్కి తిరగకుండా, కొంచెం నెమ్మదిగా నడిచాను.