నూక రాలని విసుర్రాయి

"ఇసుర్రాయికి కట్టె కట్టి దూలానికి ఏలాడదీస్తరా ఎక్కడన్న? మా అత్త ఇసిరింది, నేను ఇసిరిన. మాకెవ్వలకు రాని భుజంనొప్పి మీ అక్కకే వచ్చిందా?"

"వచ్చింది అత్తా. చెయ్యెత్తి కొప్పు గూడ పెట్టుకోలేకపోతుంది. నువ్వు జర చూడరాదు?"

"చూస్తనే ఉన్న. మొగోడివి, పొద్దుగాల నుంచి ఇసుర్రాయి కాడ కూసున్నవు. గాజులొక్కటే తక్కువ నీకు."

"తే, ఏసుకుంట. గాజులేసుకుంటే రాయి అల్కగ తిరుగుతదంటే రెండు చేతులకు ఏసుకుంట."

నా చిన్నప్పుడు మా ఇంటి పంచలో విన్న కొట్లాట ఇది. మొదటి గొంతు మా నాయనమ్మది, రెండోది మా మేనమామది. వాళ్ళిద్దరి నడుమ మా అమ్మ గోడకు ఆనుకొని కూర్చుని ఉంది. కొట్లాట ఆమె గురించే, ఆమె మాత్రం నోరు విప్పలేదు. నొప్పి ఉన్నవాళ్ళకు మాట్లాడే ఓపిక ఉండదని అప్పుడు నాకు తెలియదు. ఇప్పుడు నా రెండు మోకాళ్ళూ ఆ సంగతి రోజూ చెబుతున్నాయి.

మాది పెద్దేముల్ పక్కన చిన్న ఊరు. బడిలో ఉర్దూ పోయి తెలుగు వచ్చిన కొత్తలు. నేను మూడో తరగతి. మా నాయన పెద్దింట్లో జీతమున్నాడు. అంటే ఏడాది పొడుగునా వాళ్ళ ఎడ్లు, వాళ్ళ చేను చూసే పాలేరు. చీకటితో పోయి చీకటితో వచ్చేవాడు. మా వైపు కంది బాగా పండుతుంది. కోతలై కందులు ఇల్లు చేరాక పెద్దింటివాళ్ళు మా ఇంటికి బస్తాలు పంపేవాళ్ళు. వాటిని ఎర్రమట్టి నీళ్ళలో తడిపి, ఎండబెట్టి, విసిరి, చెరిగి పప్పు చేసి ఇవ్వడం అమ్మ పని.

ఆ పనికి కూలి చేతిలో పెట్టేది కాదు. రివాజు ఒకటి ఉండేది. పప్పు పెద్దింటిది, విసిరేటప్పుడు విరిగి రాలిన నూకా, పొట్టూ మావి. పొట్టు మేకకు, నూక మాకు. జొన్న గటకలోకి, అంటే జొన్నరవ్వ సంకటిలోకి, ఆ నూకతో కాచిన చారు ఉంటేనే మాకది తిండి. లేనినాడు ఉప్పూ కారమూ. అందుకని మా నాయనమ్మ చేట పట్టుకుని చెరిగేటప్పుడు ఒక్క గింజ నేల మీద పడనిచ్చేది కాదు. పడితే నన్ను ఏరమనేది. ఆ ఏరే అలవాటు నాకు ఇప్పటికీ పోలేదు. ఇంట్లోవాళ్ళు నవ్వుతారు, నవ్వనీ.

ఆ ఏడు అమ్మ కుడిభుజం వాచింది. మూడు బస్తాలు విసిరేసరికి చెయ్యి ముందుకు చాపితే వెనక్కి రాలేదు, వెనక్కి లాగితే ముందుకు పోలేదు. ఆముదం రాసి, కాపడం పెట్టి, మళ్ళీ రాయి దగ్గరికే వచ్చి కూర్చునేది. ఇంకా నాలుగు బస్తాలు పంచలో ఉన్నాయి. సరిగ్గా అప్పుడే మామ వచ్చాడు.

మామ తాండూరులో బండలు చెక్కేవాడు. రాతిపని ఆయన బతుకుదెరువు, కానీ ఏ ఇంటికి పోయినా ఏదో ఒక వస్తువును బాగుచేయకుండా రాలేడు. మా ఎక్కబుడ్డి దీపానికి నూనె డబ్బా రేకుతో చిన్న గొడుగులాంటిది చేసిపెట్టాడు, గోడకు మసి పట్టడం ఆగింది. నీళ్ళు ముంచే చెంబుకు వంకర కొక్కెం వేశాడు, అది కుండలో మునగకుండా అంచుకు తగులుకొని ఉండేది. చిన్నచిన్న పనులే. కానీ ఆ చిన్న పనుల వల్ల రోజుకు ఎన్నిసార్లు నడుం వంచడం తప్పిందో వంచేవాళ్ళకే తెలుసు.

ఏదైనా చేసే ముందు ఆ పని తాను చేసి చూడటం ఆయన పద్ధతి. ఆ రోజు పొద్దున అమ్మను లేపి పక్కన కూర్చోబెట్టి, తాను విసుర్రాయి ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. మా ఊళ్ళో మగవాడు విసుర్రాయి ముట్టుకోవడం నేనప్పుడే చూశాను. వాకిట్లోంచి పోయేవాళ్ళు ఆగి ఆగి నవ్వారు. ఆయన పట్టించుకోలేదు. పది చుట్లు తిప్పి, "అక్కా, ఎక్కడ గుంజుతుంది? ఈడనా, ఈడనా?" అని తన భుజం మీదే వేలు పెట్టి అడిగేవాడు. పొద్దెక్కేదాకా అదే తంతు. రాయికి కట్టె కడతానని ఆయన అనగానే మొదలైంది, మొదట రాసిన ఆ గాజుల కొట్లాట.

తరువాత పని మొదలుపెట్టాడు. దొడ్లో పడి ఉన్న టేకు కర్ర ఒకటి తెచ్చి, దాని పై కొనను తోలుపట్టీతో దూలానికి వదులుగా కట్టాడు. కింది కొనకు ఇనుప కడియం బిగించి, దాన్ని విసుర్రాయి పిడికి తొడిగాడు. కర్ర మధ్యలో, అమ్మ నిలబడితే రొమ్ము దగ్గరికి వచ్చేలా, పట్టుకోవడానికి ఒక అడ్డపిడి మేకులతో కొట్టాడు. ఇక కూర్చుని చెయ్యి చాపి లాగే పని లేదు. నిలబడి రెండు చేతులతో, ఒంటి బరువుతో నెడితే రాయి తిరుగుతుంది. చివరగా లారీ టైరు ముక్కను గుండ్రంగా కోసి, రెండు రాళ్ళ నడుమ ఉన్న ఇరుసు మేకుకు తొడిగాడు. దానితో పైరాయి వెంట్రుకవాసి లేచింది. కందిగింజ నలగకుండా, సరిగ్గా రెండు బద్దలుగా విడిపోవడానికి అది.

అమ్మ నిలబడి నెట్టింది. రాయి తిరిగింది. ఆమె ముఖం చూసి నాకు ఏడుపొచ్చింది, ఎందుకో అప్పుడు తెలియలేదు. నేనూ తిప్పుతానని గోల చేసి, చేతులు పైకెత్తి అడ్డపిడి పట్టుకుని నాలుగు చుట్లు తిప్పాను. మామ చప్పట్లు కొట్టాడు. మర్నాడు పొద్దున మొదలుపెడితే, మునుపు రోజంతా పట్టే పని మధ్యాహ్నానికే అయిపోయింది. అమ్మ ఒక గంపెడు పప్పు జల్లించి నా నెత్తిన పెట్టి, పెద్దింట్లో ఇచ్చి రమ్మంది. నేను గడప దాటేసరికే ఆమె గోడకు తల ఆనించి నిద్రపోయింది. పట్టపగలు మా అమ్మ నిద్రపోవడం నేను అంతకు ముందు చూడలేదు.

పెద్దింటి పటేలమ్మ పప్పు దోసిట్లోకి తీసుకుని ఎండకు పట్టి చూసింది. "ఇంత మంచిగ ఇసిరిందెవలే?" అంది. నేను ఊరుకుంటే బాగుండేది. ఎనిమిదేళ్ళ పిల్లను, మేనమామను చూసి మిడిసిపడుతున్న పిల్లను, ఎట్లా ఊరుకుంటాను? మా మామ కట్టె కట్టాడని, టైరు ముక్క వేశాడని, ఇప్పుడు ఒక్క బద్ద కూడా విరగదని, నేను కూడా తిప్పానని అంతా చెప్పేశాను. ఆమె నా చేతిలో బెల్లం ముక్క పెట్టింది. "ఇగ నుంచి మాకు గిట్లనే ఇసిరియ్యుమని మీ అమ్మకు చెప్పు" అంది.

బెల్లం చప్పరిస్తూ ఇంటికొచ్చాను. వాకిట్లో నాయనమ్మ చేటలో మిగిలినదంతా మళ్ళీ చెరుగుతూ ఉంది. ఒకసారి చెరిగింది, రెండుసార్లు చెరిగింది. చేట అంచుకు వచ్చిన నూకను అరచేతిలోకి ఎత్తుకుంది. గుప్పెడు కూడా లేదు.

"నూకేది?" అంది.

మామ నవ్వాడు. "రాలలే అత్తా. పనితనమంటే గదే గదా!"

"నీ పనితనం పాడుగాను, మేం తినేది గదేరా!"

మామ ముఖంలోని నవ్వు అట్లాగే ఆగిపోయింది. రాయి సంగతి ఆయనకు తెలుసు, కర్ర సంగతి తెలుసు, అక్క భుజంలో ఏ నరం లాగుతోందో కూడా కనుక్కున్నాడు. మా తిండి ఆ విరిగిన బద్దల్లో ఉందని మాత్రం ఎవరినీ అడగలేదు. బస్తీలో కూలి చేతికి తీసుకునేవాడికి ఆ ఆలోచన రాలేదు. వెంటనే లేచి పైరాయి ఎత్తి టైరు ముక్క తీయబోయాడు. అప్పుడు నేను పటేలమ్మ మాట చెప్పాను. బెల్లం ఇంకా నోట్లోనే ఉంది.

"ఇగ తీసి ఏం లాభం?" అని నాయనమ్మ నేల మీద చతికిలబడింది. "ఆమె కండ్లతోని చూసింది. రేపు నూక రాలి పప్పు తగ్గితే కావాలనే ఇరగ్గొట్టిండ్రంటది. దొంగలమైతం."

మామ చొక్కా తొడుక్కుని పెద్దింటికి పోయాడు. నూక రాలకపోతే పప్పులోనే కొంత భాగం ఇమ్మని అడిగాడట. రివాజు అట్లా లేదన్నారట, కావాలంటే ఇంకో నాలుగు బస్తాలు విసురుకొమ్మన్నారట, ఆ లెక్కన నూక దానంతటదే వస్తుంది కదా అన్నారట. తిరిగొచ్చి గడప మీద కూర్చున్నాడు.

"ఎనిమిది బస్తాలు ఇది ఒక్కతే ఎట్ల ఇసురుతది?" అని అమ్మను చూపించి నాయనమ్మ లెక్క తేల్చింది. "పిల్ల ఉన్నది గదా. అల్కగ తిరుగుతుందంటివి. పొద్దుగాల పిల్ల తిప్పుతది, పొద్దుమీకి దీని తల్లి తిప్పుతది."

"దాని బడి మాన్పిస్తందుకా నేను గిది చేసింది?" మామ గొంతు పెద్దదైంది. "మూడు చదువుతుంది. అచ్చరాలు నా కన్న మంచిగ రాస్తది."

"రాసుకుంట కూసుంటే గటక మీదికి ఏం పోస్తవు? నువ్వు పంపుతవా తాండూరు సంది?"

ఆ అరుపులకు అమ్మ లేచింది. సంగతి విని, "నేనే చేస్త తీ" అని కర్ర పట్టుకోబోయింది. పొద్దుటి నుంచి నెట్టిన చెయ్యి అడ్డపిడి దాకా లేవలేదు. ఎడమచేత్తో కుడిచేతిని ఎత్తి దాని మీద పెట్టుకుంది. నేను చూశాను. "నేను తిప్పుత" అన్నాను. ఆ మాట నా నోటి నుంచే వచ్చింది. అందుకే ఇన్నేళ్ళలో నాయనమ్మను గానీ, అమ్మను గానీ, మామను గానీ మనసారా తిట్టుకోలేకపోయాను. తిట్టుకుంటే కొంచెం తేలికయ్యేదేమో.

నాకూ మామ బుద్ధే వచ్చింది. ఇంట్లో ఏ వస్తువూ ఉన్నది ఉన్నట్టు ఉంచను. కాలే పెనం పిడికి పాత సైకిలు ట్యూబు చుడతాను, కిర్రుమనే తలుపు కింద అరిగిన చెప్పు ముక్క కొడతాను, పగిలిన ప్లాస్టిక్ బిందె మూతి కోసి ధాన్యం పోసే గరాటు చేస్తాను. అయితే ఏది చేసినా, ఏది కొన్నా ముందు ఒక మాట అడుగుతాను. మా మనవరాలు మొన్న రొట్టెలు చేసే మిషను ఒకటి ఫోనులో చూపించి కొందామంది. "దీన్ని కడిగేదెవరు?" అన్నాను. నీకు ఖర్చు భయం నానమ్మా అని నవ్వింది. ఖర్చు భయం ఉంది, లేదనను. కానీ పని అనేది ఒకరి చేతిలోంచి పోతే ఊరికే పోదు, ఇంకెవరి చేతిలోనో పడుతుంది. ఆ చెయ్యి ఎవరిదో చూసుకోకుండా వస్తువు తేవద్దని చెబుతాను. ఎక్కువసార్లు చెప్పే ఓపిక ఇప్పుడు లేదు. ఒకసారి చెప్పి ఊరుకుంటాను.

ఆ నూక గొడవ జరిగిన మర్నాడు పొద్దున మామ తాండూరు పోయే బండి ఎక్కడానికి తయారయ్యాడు. పోయే ముందు సంచిలోంచి సుత్తి తీశాడు. అమ్మ ఎత్తుకు కొట్టిన అడ్డపిడి మేకులు పీకాడు. నన్ను కర్ర పక్కన నిలబెట్టి, నా రొమ్ము ఎదురుగా బొగ్గుతో గీత గీసి, పిడిని అక్కడికి దించి మళ్ళీ కొట్టాడు. గట్టిగా ఉందో లేదో రెండుసార్లు లాగి చూశాడు. నా ముఖం చూడకుండానే సంచి భుజానికి వేసుకుని వెళ్ళిపోయాడు. అమ్మ కందుల గంప తెచ్చి పక్కన పెట్టింది. బడి పిల్లలు పలకలు పట్టుకుని మా వాకిలి ముందు నుంచి పోతున్నారు. నేను అడ్డపిడి పట్టుకున్నాను. రాయి తేలిగ్గా తిరిగింది.